దిఘా అక్వేరియం: చూడవలసినవి, తేకూడనివి

బెంగాల్ నాగపూర్ రైల్వే కాలంలో వచ్చి ఖరగ్‌పూర్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు చేరువలోని విహారస్థలం దిఘా సముద్రతీరం. ఇక్కడ భారత జంతు సర్వేక్షణ సంస్థ మెరైన్ అక్వేరియం 1989లో ఏర్పాటైంది. జలచరాల ప్రదర్శనతో పాటు పరిశోధన కూడా ఇందులో సాగుతుంది.

అక్వేరియం చూసి ఇసుక తీరానికి వెళ్లే సందర్శకులు గుర్రపునాడా పీత గురించి తెలుసుకోవాలి. ప్రపంచంలోని నాలుగు జాతులలో రెండు భారత తూర్పు తీరంలో ఉన్నాయి. పేరుకు పీత అయినా ఇది సాలీళ్లకు, తేళ్లకు దగ్గరి బంధువు. రక్తంలో రాగి ఉండటం వల్ల అది నీలిరంగులో కనిపిస్తుంది. బ్యాక్టీరియా విషపదార్థం తగలగానే ఆ రక్తం గడ్డకడుతుంది. టీకాలు, సూదిమందుల శుద్ధతను పరీక్షించడానికి ఈ గుణమే ఉపకరిస్తోంది.

గుడ్లు పెట్టేందుకు ఒడ్డుకు వచ్చే ఈ జీవులు వలల్లో చిక్కి నశిస్తున్నాయి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వీటికీ, సముద్రపు గుర్రాలకూ రక్షణ కల్పిస్తోంది. వీటిని వేటాడటం, వీటితో వ్యాపారం చేయడం నేరం. అందువల్ల ఎండిన పెంకులను జ్ఞాపికలుగా కొనరాదు. వెల్లకిలా పడిన పీత కనిపిస్తే తోక పట్టి లాగకుండా, పెంకు అంచులు పట్టుకొని మెల్లగా తిప్పి వదిలితే అది తిరిగి నీటిలోకి చేరుకుంటుంది.