నడుముకు కావాలి నేర్పు

తిరుమల బ్రహ్మోత్సవాలలో వాహనం మోసేవారిని చూచే వుంటారు. ఆ బరువును పొడవాటి కర్రల మీదుగా పలువురి భుజాలు పంచుకుంటాయి. అందరూ ఒక్కసారే లేపుతారు. మాడవీధి మలుపులో నడుము మెలిపెట్టరు, అడుగులతోనే తిరుగుతారు.

మరి మన వంటింట్లో? నిండు గ్యాసు సిలిండరులో వాయువే 14.2 కిలోలు, ఇనుముతో కలిసి దాదాపు 30. గట్టు కింద మూలనున్న దానిని ఇల్లాలు వంగి, చేతులు చాచి, ఒంటరిగా లాగుతుంది. అన్నీ అనుకూలంగా వున్నప్పుడే ఒకరు ఎత్తదగినది 23 కిలోలని అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ 1991లో లెక్క కట్టింది. చేయి చాచినా, నడుము తిప్పినా ఆ హద్దు ఇంకా తగ్గుతుంది. బరువు ఒంటికి దూరమైనకొద్దీ వెన్నుపూసల నడుమనున్న మెత్తని బిళ్ళలు మరింత నలుగుతాయి.

కాబట్టి మూలనున్నదానిని అక్కడే ఎత్తకండి. ముందు బయటికి జరపండి. చక్రాల పీట వుంటే మరీ మంచిది. ఎత్తక తప్పకపోతే ఇద్దరు కలిసి, మోకాళ్ళు వంచి, బరువును ఒంటికి ఆనించి, ఒకే మాటమీద లేపండి. నొప్పి కాలిలోకి దిగినా, తిమ్మిరెక్కినా వైద్యునికి చూపించండి.

పత్రిక చదువుతున్న అయ్యగారూ, వీధిలో సిలిండరు బండి వచ్చినట్టుంది. లేచి ఒక చెయ్యి వేయండి!