కోడి ఎముక, పిల్లల పాఠం, మన ఈమాన్



కిందటేడు మన సొసైటీ కార్యవర్గ సమావేశంలో జమాఖర్చుల కంటే కోడి మీదే ఎక్కువసేపు చర్చ నడిచింది. మచిలీపట్నంలో మనం నడుపుతున్న సాయంత్రపు ట్యూషన్‌కు వచ్చే ఇంటర్ అమ్మాయి ఒకతె ఇంటికి వెళ్ళి, పక్షులు డైనోసార్ల సంతతి అని సార్ చెప్పారంది. వాళ్ళ నాన్నగారు గుడివాడలో ఉండే మన దాత ఒకరికి ఫోన్ చేశారు. ఆ పెద్దాయన సమావేశానికి వచ్చి, "మేమిచ్చే సొమ్ముతో పిల్లల ఈమాన్ పాడుచేస్తారా, భాయ్?" అని సూటిగా అడిగారు. దివిసీమ నుంచి వచ్చిన సభ్యుడు "పరీక్షలో వచ్చేది చెప్పకపోతే ఎట్లా సాబ్" అన్నారు. అంతకు మించి ఆ రోజు ఎవరి దగ్గరా జవాబు లేదు. దాతకు అడిగే హక్కుంది. మా జవాబే చాలలేదు. అందుకే ఈ సంచికలో కొంత వివరంగా రాస్తున్నాం.

ముందు ఆ మాస్టారు చెప్పింది ఏమిటో చూద్దాం. నాటుకోడి కాలు చూడండి, కింది భాగంలో ఈకలుండవు, బల్లికీ తొండకూ ఉన్నట్టే పొలుసులుంటాయి. లెగ్ పీస్ తినేటప్పుడు పెద్ద ఎముక పక్కన సూదిలాంటి సన్నని ఎముక ఒకటి తగులుతుంది. అది సగంలోనే ఆగిపోతుంది. 1861లో జర్మనీలోని సోల్న్‌హోఫెన్ సున్నపురాతి గనుల్లో దొరికిన ఆర్కియాప్టెరిక్స్ అనే పక్షి శిలాజంలో అదే ఎముక చీలమండ దాకా ఉంటుంది. దాని వయసు సుమారు 15 కోట్ల ఏళ్ళు. దానికి ఈకలున్నాయి, అయితే నోట్లో పళ్ళు, రెక్కలకు గోళ్ళు, బల్లికి మల్లే పొడుగాటి ఎముకల తోక కూడా ఉన్నాయి. డార్విన్ పుస్తకం వచ్చిన రెండేళ్ళకే ఇది బయటపడింది. ఇంగ్లండులో హక్స్‌లీ దీన్ని పట్టుకుని, పక్షులకూ డైనోసార్లకూ దగ్గరి చుట్టరికం ఉందని వాదించాడు.

ఆ వాదన వెంటనే నెగ్గలేదు. కోడి రొమ్ము ముందు భాగంలో ఇంగ్లీషు 'వి' అక్షరంలా చీలిన సన్నని ఎముక ఉంటుంది, రెండు జత్రుకలు కలిసిపోయి ఏర్పడినది. డైనోసార్లకు జత్రుకలే లేవు, ఒకసారి పోయిన ఎముక మళ్ళీ రాదు, కాబట్టి పక్షులు వేరే సరీసృపాల నుంచి వచ్చి ఉండాలని డెన్మార్క్‌కు చెందిన హైల్మన్ 1926లో ఇంగ్లీషులో వచ్చిన పుస్తకంలో తేల్చాడు. నలభై ఏళ్ళకు పైగా లోకం ఆ మాటే నమ్మింది. తమాషా ఏమిటంటే, 1924లోనే వర్ణించిన ఓవిరాప్టర్ అనే డైనోసార్ శిలాజంలో ఆ 'వి' ఎముక ఉంది, చూసినవారు దాన్ని వేరే ఎముక అనుకున్నారు. 1964లో అమెరికాలో ఆస్ట్రమ్‌కు డైనోనికస్ దొరికాక లెక్క మారింది. 1996లో చైనాలోని లియావోనింగ్ నుంచి, ఎగరలేని చిన్న డైనోసార్ ఒంటిమీద ఈకల నూగుతో సహా బయటికొచ్చింది. ఈకలు మొదట ఎగరడానికి కాదు, బహుశా ఒంటికి వెచ్చదనం కోసం వచ్చి ఉంటాయన్న ఊహకు దానితో బలం చేకూరింది.

ఇదంతా మన మతం మీద కొత్తగా పడిన పిడుగు అనుకుంటే పొరపాటు. 1880లో జమాలుద్దీన్ అఫ్ఘానీ హైదరాబాదులో ఉన్నప్పుడు, అక్కడి లెక్కల ఉస్తాదు ఒకరు ఈ 'నేచరీ' అనే మాట ఏమిటని ఉత్తరం రాసి అడిగారు. సర్ సయ్యద్ అనుచరులను ఆ రోజుల్లో అలా పిలిచేవారు. అఫ్ఘానీ జవాబుగా పారసీలో ఒక పుస్తకమే రాశారు. 1881లో అది అచ్చయింది. అందులో డార్విన్‌ను గట్టిగా ఎగతాళి చేశారు. అరబ్బులూ యూదులూ వేల ఏళ్ళుగా సున్తీ చేయించుకుంటున్నారు కదా, ఒక్క బిడ్డయినా సున్తీతో పుట్టాడా అన్నది ఆయన ప్రశ్న.

ప్రశ్న పదునైనదే, విషయమూ నిజమే. 1880లలోనే జర్మనీలో వైస్‌మన్ అనే శాస్త్రవేత్త తరతరాలుగా ఎలుకల తోకలు కోస్తూ వెళ్ళి, పుట్టే పిల్లలకు తోకలు ఎప్పటిలాగే ఉన్నాయని చూపాడు. కాని దానితో డార్విన్ అసలు వాదన పడిపోదు. మన డెల్టా రైతుకు ఇది తేలిగ్గా తెలుస్తుంది. వరి మీద సుడిదోమకు కొట్టే మందు మొదట్లో బాగా పనిచేస్తుంది. కొన్నేళ్ళకు పనిచేయదు. మందు దోమకు ఏదో నేర్పిందని కాదు. పుట్టుకతోనే మందును కాస్త తట్టుకోగలిగిన దోమలు బతికి, వాటి పిల్లలే చేనంతా నిండాయి. డార్విన్ చెప్పింది ఈ ఏరివేత గురించి. అఫ్ఘానీ అంతటివారు దాన్ని సరిగా తెలుసుకోకుండానే ఖండించారని మాకు అనిపిస్తుంది.

దీనికి ఎదురు పొరపాటు కూడా మనలో ఉంది. వెయ్యేళ్ళ కిందట బస్రాకు చెందిన జాహిజ్ జంతువుల గ్రంథంలో, 1377లో ఇబ్న్ ఖల్దూన్ ముఖద్దిమాలో ఇదంతా ముందే చెప్పేశారని కొందరు జుమా తర్వాత గర్వంగా చెబుతుంటారు. జాహిజ్ జంతువుల మధ్య పోరాటాన్ని చక్కగా గమనించారు. ఇబ్న్ ఖల్దూన్ ఖనిజాల నుంచి మొక్కలు, జంతువులు, కోతి, మనిషి దాకా మెట్లుగా అమరిన సృష్టిని చూశారు. అవి గొప్ప విషయాలే. డార్విన్ సిద్ధాంతం మాత్రం కాదు.

మాకు ఎక్కువ నచ్చిన దారి ఇప్పటి లెబనాన్‌లోని త్రిపోలికి చెందిన ఆలిమ్ హుసైన్ అల్ జిస్ర్‌ది. జీవజాతులను అల్లాహ్ ఒక్కసారిగా సృష్టించాడా, క్రమంగా సృష్టించాడా అన్నది నిర్ధారితమైన రుజువు దొరికితే ఆయతులకు తగిన అర్థం చెప్పుకోవచ్చు, ఎలా సృష్టించినా సృష్టికర్త ఆయనే అని 1888లో రాశారు. దివ్య ఖుర్ఆన్‌లో 29వ సూరా 20వ ఆయత్, భూమిలో తిరిగి సృష్టి ఎలా మొదలైందో చూడమంటుంది. శిలాజాలు తవ్వేవారిని ఆ ఆయత్‌కు విరోధులుగా చూడవలసిన పని లేదు.

పెద్దాయన అసలు భయం కోడి గురించి కాదని మాకు తెలుసు. హజ్రత్ ఆదమ్ (అలైహిస్సలామ్) గురించి. అక్కడ విషయం బరువైనది. ఉలమాలో అత్యధికులు ఆదమ్‌ది ప్రత్యేక సృష్టి అనే అంటారు. మిగతా జంతువుల్లో మార్పును ఒప్పుకుంటూనే ఆ ఒక్క చోట ఆగేవారున్నారు. ఈ తగవు తీర్చడం మా స్థాయికి మించిన పని. కాని పక్షి పాఠానికీ ఆ ప్రశ్నకూ ముడిపెట్టి, రెండింటినీ కలిపి మూసేయడం న్యాయం కాదు.

మూసేస్తే నష్టం ఎవరికి? ఇంటర్ జంతుశాస్త్రంలోనూ నీట్ సిలబస్‌లోనూ జీవపరిణామం ఉంది. డాక్టర్లు కావాలనుకునే మన ఆడపిల్లలు ఆ మార్కులు వదులుకోవాలా? పైగా ఎన్.సి.ఇ.ఆర్.టి. పదో తరగతి సైన్సు పుస్తకం నుంచి 2023లో పరిణామం భాగాన్ని తీసేశారు. డైనోసార్ల ఈకల సంగతి అందులోనే ఉండేది. 1,800 మందికి పైగా శాస్త్రవేత్తలు, అధ్యాపకులు అది తప్పని సంతకాలు చేశారు. పదితో చదువు ఆపేసే పిల్లకు ఇక ఆ మాట బడిలో వినిపించదు. మన ట్యూషన్‌లోనూ వినిపించకపోతే, తెలిసీ తెలియని ఫోన్ వీడియోలే దాని ఉస్తాదులవుతాయి.

కార్యవర్గం ఇలా అనుకుంది. పాఠం పుస్తకంలో ఉన్నట్టే మాస్టారు పూర్తిగా చెబుతారు. దీన్ గురించిన ప్రశ్నలు ఇమామ్ సాబ్‌కు చేరతాయి, నెలకో ఆదివారం ఆయనే వచ్చి పిల్లలతో కూర్చుంటారు, తల్లిదండ్రులూ రావచ్చు. హైదరాబాదు బిర్లా సైన్స్ సెంటర్‌లో పూర్వపు ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లి దగ్గర తవ్వితీసిన కోటాసారస్ అస్థిపంజరం ఉంది. అది పక్షుల శాఖ కాదు, మెడ పొడుగాటి ఆకుమేత డైనోసార్. అయినా మన తెలుగు నేల మీద తిరిగినది కనుక పిల్లలకు చూపాలనుకుంటున్నాం. గుడివాడ పెద్దాయన బస్సు ఖర్చులో సగం తాను పెట్టుకుంటానన్నారు, తననూ తీసుకెళ్తేనే అన్న షరతుతో. మిగతా సగం ఇంకా తేలవలసి ఉంది.