తిన్నది తేడా చేసిందా, వైరస్ తగిలిందా?

ఆదివారం పాట్‌లక్‌లో అందరూ సుష్టుగా తిన్నారు. రాత్రికి ఒకరిద్దరికి వాంతులు. ఇక వాట్సాప్ గ్రూపులో విచారణ మొదలవుతుంది: పులిహోర ట్రే ఎవరిది, చికెన్ ఎక్కడ ఆర్డరిచ్చారు? మన అనుమానమెప్పుడూ ఆఖరున తిన్నదాని మీదికే పోతుంది. నిజానికి ముందు అడగాల్సింది గడియారాన్ని.

తిన్న అరగంట నుంచి ఆరేడు గంటల్లోపే వాంతులు పట్టుకుంటే, చాలావరకు తిండిలోనే విషం తయారై ఉందని అర్థం. వండి వడ్డించిన చేతుల నుంచి చేరే స్టెఫైలోకాకస్ ఒక కారణం. మన అన్నాల విషయంలో బాసిల్లస్ సీరియస్ మరొకటి. దీని స్పోర్లు అన్నం ఉడికినా చావవు. వేడన్నాన్ని లోతైన అల్యూమినియం ట్రేలో నింపి మూత బిగించారనుకోండి, పైన చల్లారినా నడుమ గంటల తరబడి గోరువెచ్చగానే ఉంటుంది. స్పోర్లు మొలకెత్తి విషం వదిలేది అక్కడే. ఆ తర్వాత మైక్రోవేవ్‌లో పొగలు కక్కించినా ఆ విషం పోదు. అందుకే 40 నుంచి 140 డిగ్రీల ఫారన్‌హీట్ మధ్య తిండిని రెండు గంటలకు మించి ఉంచొద్దంటారు. ఎండ 90 దాటితే గంటే. పార్కులో వనభోజనాలకు ఆ గంట ఉపన్యాసాలకే చాలదు!

పెద్ద గిన్నెల్లో వండి నెమ్మదిగా చల్లారిన మాంసం కూరల్లో పెరిగే క్లాస్ట్రిడియం పెర్‌ఫ్రింజెన్స్ 6 నుంచి 24 గంటలు తీసుకుంటుంది. అందులో వాంతుల కంటే కడుపునొప్పి, విరేచనాలే ఎక్కువ. సాల్మొనెల్లాకైతే రోజులే పట్టొచ్చు.

‘స్టమక్ ఫ్లూ’గా పిలిచేదానికి ఎక్కువగా కారణం నోరోవైరస్. ఫ్లూ టీకాకూ దీనికీ సంబంధం లేదు. 1968లో ఒహాయో రాష్ట్రం నార్వాక్‌లో ఒక బడిలో దాదాపు సగం మందిని ఇది పడకేయించింది. 1972లో ఆల్బర్ట్ కపికియన్ ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో దాన్ని పట్టుకున్నాడు. ఒంట్లో చేరిన 12 నుంచి 48 గంటలకు బయటపడుతుంది. అంటే ఆదివారం రాత్రి వాంతులకు బీజం శనివారమే పడి ఉండొచ్చు. కలిసి తిన్నవాళ్లందరూ ఒకేసారి పడితే తిండిని, ఇంట్లో ఒకరి తర్వాత ఒకరు పడితే వైరస్‌ను అనుమానించాలి.

అయినా ఈ రెంటి మధ్య గోడ పల్చనిది. కారణం తెలిసిన ఆహారజనిత జబ్బుల్లో సగానికి పైగా నోరోవైరస్‌వేనని అమెరికా సీడీసీ అంచనా. జబ్బుపడ్డవాళ్లు సలాడ్ తరిగితే చాలు. తగ్గాక కూడా రెండు రోజులు వంట జోలికి పోకూడదు. శానిటైజర్‌కు ఇది సరిగా లొంగదు, సబ్బుతో కడుక్కోవాల్సిందే.

వైద్యం మాత్రం చాలావరకు ఒకటే: ఓఆర్‌ఎస్ గానీ పీడియాలైట్ గానీ గుక్కగుక్కగా తాగించడం. ఇండియా నుంచి తెచ్చుకున్న యాంటీబయోటిక్ డబ్బా తెరవకండి. వైరస్‌ను అది ఏమీ చేయలేదు, ఈ.కోలై ఓ157 అయితే కిడ్నీలకే ముప్పు పెరగొచ్చు. జ్వరమో విరేచనంలో రక్తమో ఉంటే ఇమోడియం కూడా వద్దు.

రక్తం కనిపించినా, జ్వరం 102 దాటినా, నీళ్లు కూడా నిలవకపోయినా, మూత్రం బాగా తగ్గినా, విరేచనాలు మూడు రోజులు దాటినా డాక్టరుకు చూపించాలి. సందేహముంటే ఇన్సూరెన్స్ కార్డు వెనక నర్స్‌లైన్ నంబరుందేమో చూడండి. మనిషి మగతగా ఉన్నా, నిలబడలేకపోయినా నేరుగా ఈఆర్‌కే. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలు బిల్లుకు భయపడి ‘మజ్జిగ తాగితే సర్దుకుంటుందిలే’ అంటారు. వాళ్లు బీపీ, షుగరు మాత్రలు వాడుతుంటే, ఒంట్లో నీరు తగ్గినప్పుడు వాటిలో కొన్ని కిడ్నీలకు చేటు చేస్తాయి. ఏవి వేయాలో, ఏవి ఆపాలో ఆ పూటే డాక్టరుకు ఫోన్ చేసి అడగండి.