పీహెచ్‌ఏ: బ్యాక్టీరియా చేసే ప్లాస్టిక్

పాలీహైడ్రాక్సీఆల్కనోయేట్లు అనే పాలిస్టర్ల కుటుంబమే పీహెచ్‌ఏ. తిండిలో కార్బన్ ఎక్కువై, నైట్రోజన్ వంటి పోషకాలు తగ్గినప్పుడు కొన్ని బ్యాక్టీరియాలు మిగులు కార్బన్‌ను, మన ఒళ్లు కొవ్వు దాచుకున్నట్టు, ఈ రూపంలో దాచుకుంటాయి. వీటిలో మొదటిదైన పీహెచ్‌బీని 1926లో పారిస్‌లోని పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్ శాస్త్రవేత్త మారిస్ లెమ్వాన్ గుర్తించారు.

ఈ.కోలై అనే బ్యాక్టీరియాకు సహజంగా ఈ విద్య రాదు. 1988లో పరిశోధకులు మరో బ్యాక్టీరియా జన్యువులను దానిలో ప్రవేశపెట్టారు. అది కూడా పీహెచ్‌బీ పోగేయడం మొదలుపెట్టింది. అనువైన పరిస్థితుల్లో కణం పొడి బరువులో 80 శాతం దాకా ఇదే ఉండగలదు!

మొక్కల నుంచి వచ్చే ప్లాస్టిక్‌లన్నీ మట్టిలో ఇట్టే కలిసిపోవు. మొక్కజొన్న పిండితో చేసే పీఎల్‌ఏ త్వరగా కుళ్లాలంటే పారిశ్రామిక కంపోస్టు యూనిట్లలోని వేడి కావాలి. పీహెచ్‌ఏను మాత్రం మామూలు నేలలో, సముద్రంలో ఉండే సూక్ష్మజీవులే తినేస్తాయి. మందాన్ని, ఉష్ణోగ్రతను బట్టి పట్టే కాలం మారుతుంది. దీని అసలు గొప్పతనం ఇక్కడే ఉంది.

అడ్డంకల్లా ధర. ముడిసరుకైన చక్కెరకూ, కణాలను పగలగొట్టి ప్లాస్టిక్‌ను వేరుచేయడానికీ ఖర్చెక్కువ. 1990లో జర్మనీలో షాంపూ సీసాలుగా వచ్చిన బయోపాల్ అనే పీహెచ్‌ఏ ప్లాస్టిక్ కూడా పెట్రోలియం ప్లాస్టిక్ చౌకదనం ముందు నిలవలేదు. అందుకే ఇప్పుడు వాడేసిన వంటనూనె, పంట వ్యర్థాలు, మీథేన్‌తో బ్యాక్టీరియాను మేపే ప్రయత్నాలు సాగుతున్నాయి.