రూలర్ చాలదు, దారం తీయండి



ఈ నెల మ్యాథ్స్ ప్రాజెక్టులో పిల్లలు మారిషస్ ఎయిర్‌పోర్టు నుంచి ఫిజీలోని నాడి ఎయిర్‌పోర్టుకు దూరం, ప్రయాణ సమయం లెక్కగట్టాలి. ఈ దీవులే ఎందుకంటారా? చెరకు తోటల్లో పనికి ఓడలెక్కి వెళ్లిన తెలుగువాళ్ల వారసులు రెండుచోట్లా ఉన్నారు. మద్రాసు రేవు నుంచి ఫిజీకి ఓడలు 1903లో మొదలయ్యాయి. మారిషస్‌కు అంతకు చాలా ముందే వెళ్లారు.

కూచిపూడి నుంచి గన్నవరం దాకా అయితే మ్యాప్ మీద రూలర్ చాలు. ఇంత పెద్ద దూరానికి చాలదు, భూమి గుండ్రం కదా! మ్యాప్‌లో గీసిన గీత ఉత్తర ఆస్ట్రేలియా మీదుగా పోతుంది. గ్లోబు మీద దారం బిగించి చూడండి. అది దక్షిణానికి జరిగి, ఆస్ట్రేలియా నైరుతి మూలన ఆల్బనీ పట్టణం దగ్గరగా వెళ్తుంది. అదే దగ్గర దారి. సుమారు 12,200 కిలోమీటర్లు.

గంటకు 900 కిలోమీటర్ల వేగమైతే దాదాపు 13న్నర గంటలు. నేరుగా విమానం లేదు కాబట్టి, మధ్యలో మారేవాళ్లకు ఇంకా ఎక్కువ పడుతుంది.

ఉదయం 8కి బయల్దేరితే చేరేది రాత్రి 9:30కి అని మీ బాబో పాపో రాస్తే వెంటనే కొట్టేయకండి. “అది ఏ ఊరి గడియారం?” అని అడగండి. ఫిజీ 8 గంటలు ముందుంటుంది. అక్కడ మర్నాడు తెల్లవారుజామున 5:30 అవుతుంది.

పోయినసారి చాలా పేపర్లలో జవాబు కరెక్టే. ఎలా వచ్చిందంటే మాత్రం పిల్లలు చెప్పలేకపోయారు. ఈసారి ఫోన్ పక్కన పెట్టి, దారం చేతికివ్వండి.