ఊరే యజమాని

అమెరికా జాతీయ ఫుట్‌బాల్ లీగ్‌లో మిగతా 31 జట్లకూ యజమానులు సంపన్న కుటుంబాలే. విస్కాన్సిన్ రాష్ట్రంలోని గ్రీన్ బే అనే చిన్న నగరం మాత్రం తన జట్టును తానే నిలబెట్టుకుంది. అందుకోసం వందేళ్లలో ఆరుసార్లు జోలె పట్టింది. ఆరుసార్లూ జనం ఆదుకున్నారు.

జులై నెలాఖరులో పొద్దున్నే లాంబో ఫీల్డ్ స్టేడియం బయట పిల్లల సైకిళ్లు బారులు తీరతాయి. ముందు బుట్ట ఉన్నవి, హ్యాండిల్‌కు రంగుల కుచ్చులు వేలాడేవి, పెడల్ అరిగిపోయినవి. వాటి పక్కనే ఎనిమిదేళ్ల, పదేళ్ల బుడతలు తలుపు వైపే చూస్తూ నిలబడతారు. తలుపు తెరుచుకుంటుంది. నూరు కిలోలు దాటిన ఆటగాళ్లు ఒక్కొక్కరే వచ్చి, తలో సైకిలూ ఎక్కి, మోకాళ్లు పైకి తన్నుకొస్తుంటే తొక్కుకుంటూ రోడ్డవతలి ప్రాక్టీస్ మైదానానికి వెళ్తారు. సైకిల్ ఇచ్చిన పిల్లాడు ఆటగాడి హెల్మెట్‌ను రెండు చేతులా పొదివి పట్టుకుని పక్కనే పరుగెడతాడు. కోచ్ విన్స్ లొంబార్డి కాలం నుంచీ వస్తున్న ఆనవాయితీ ఇది. అప్పట్లో సైకిల్ ఇచ్చిన పిల్లలు ఇప్పుడు తాతలయ్యారు.

2020 జనగణన ప్రకారం గ్రీన్ బే జనాభా 1,07,395. లాంబో ఫీల్డ్‌లో సీట్లు 81,441. పసిపిల్లల్నీ పెద్దవయసు వాళ్లనూ ఇంట్లో వదిలేస్తే, ఊళ్లో మిగిలినవాళ్లంతా దాదాపుగా ఆ ఒక్క మైదానంలో పట్టేస్తారు. న్యూయార్క్, షికాగో, లాస్ ఏంజెలెస్‌ లాంటి మహానగరాలతో తలపడే లీగ్‌లో ఇంత చిన్న ఊరికి చోటెలా దొరికింది? దొరికిన చోటు ఎలా నిలిచింది?

చొక్కాలకు 500 డాలర్లు

మిషిగన్ సరస్సుకు చెందిన ఒక పొడవాటి అఖాతం కొసన, ఫాక్స్ నది వచ్చి కలిసేచోట ఉంది గ్రీన్ బే. నది ఒడ్డున కాగితం మిల్లులు, ఊళ్లో మాంసం ప్యాకింగ్ కర్మాగారాలు. అమెరికాలో ఇంటింటికీ తెలిసిన ‘చార్మిన్’ టాయ్‌లెట్ పేపర్ 1928లో పుట్టింది ఇక్కడే. షిఫ్టు దిగి ఇంటికెళ్లే కార్మికుల ఊరు ఇది.

1919 ఆగస్టులో స్థానిక పత్రిక కార్యాలయంలో కొందరు కుర్రాళ్లు సమావేశమయ్యారు. వాళ్లను పోగుచేసింది ఇద్దరు: ఇండియన్ ప్యాకింగ్ కంపెనీ ఉద్యోగి కర్లీ లాంబో, పత్రికలో పనిచేసే జార్జ్ కాల్హూన్. జట్టు పెడతాం, దుస్తులకు డబ్బివ్వమని లాంబో తన కంపెనీని అడిగాడు. కంపెనీ 500 డాలర్లిచ్చింది. మాంసాన్ని డబ్బాల్లో నింపి పంపే ఆ సంస్థ పేరే జట్టుకు ‘ప్యాకర్స్’గా స్థిరపడింది. కంపెనీ కాలగర్భంలో కలిసిపోయింది, పేరు మిగిలింది.

ఆ రోజుల్లో చిన్న ఊళ్లకు జట్లుండటం వింత కాదు. కాంటన్, రాక్ ఐలాండ్, డులూత్, పాట్స్‌విల్ వంటి పట్టణాలన్నీ లీగ్‌లో ఆడినవే. జనం చాలక, అప్పులు తీరక అవి ఒక్కొక్కటే మూతపడ్డాయి. కొన్ని పెద్ద నగరాలకు తరలిపోయాయి. డెకటూర్ జట్టు 1921లో షికాగో చేరి తర్వాత ‘బేర్స్’ అయింది. పోర్ట్స్‌మత్ జట్టు 1934లో డెట్రాయిట్‌కు వెళ్లి ‘లయన్స్’గా మారింది. ఊరు కదలకుండా మిగిలింది గ్రీన్ బే ఒక్కటే.

అగ్గిపెట్టెలో చిల్లర

1923లో జట్టు ఖజానా ఖాళీ అయినప్పుడు ఊరి వ్యాపారులు ఒక్క ధనికుణ్ని వెతుక్కునే పని పెట్టుకోలేదు. ఐదేసి డాలర్ల షేర్లు వెయ్యి అమ్మారు. జట్టును లాభాపేక్ష లేని సంస్థగా నమోదు చేశారు. 1930లలో గ్యాలరీ నుంచి పడిపోయిన ఒక ప్రేక్షకుడు దావా వేసి గెలిచాడు. అదే సమయంలో బీమా కంపెనీ దివాలా తీయడంతో జట్టు మూతపడే స్థితికి చేరింది. 1935లో మళ్లీ షేర్లు అమ్మి 15,000 డాలర్లు పోగుచేశారు. 1950లో మూడోసారి, ఇంటింటికీ తిరిగి షేరు 25 డాలర్ల చొప్పున అమ్మారు. అప్పుడు పక్కనున్న రైట్స్‌టౌన్ దగ్గరి పొలం నుంచి ఒక మహిళ అగ్గిపెట్టె నిండా పావలా డాలర్ బిళ్లలు పట్టుకొచ్చి షేరు కొనుక్కున్నారని జట్టు చరిత్రలో నమోదైంది. తర్వాత 1997, 2011, 2021 సంవత్సరాల్లోనూ షేర్లు జారీ అయ్యాయి. చివరిసారి ఒక్కోటి 300 డాలర్లు. ఇప్పుడు వాటాదారుల సంఖ్య ఐదు లక్షల ముప్ఫై వేలు దాటింది. అంటే ఊరి జనాభాకు ఐదు రెట్లు.

ఇంతకీ ఈ షేరు ఇచ్చేదేమిటి? డివిడెండ్ లేదు. ధర పెరగదు. బయట అమ్ముకోవడానికి వీల్లేదు, దగ్గరి బంధువులకు ఇచ్చుకోవచ్చంతే. మ్యాచ్ టికెట్‌లోనూ ముందు వరుస హక్కేమీ రాదు. ఒక్కరే రెండు లక్షల షేర్లకు మించి కొనకూడదన్న నిబంధన ఉంది, జట్టు ఏ ఒక్కరి గుప్పిట్లోకీ పోకుండా. ఏటా జులైలో స్టేడియంలోనే జరిగే సర్వసభ్య సమావేశానికి వెళ్లి డైరెక్టర్లకు ఓటు వేయవచ్చు. సంస్థ కార్యనిర్వాహక సంఘంలో జీతం తీసుకునేది అధ్యక్షుడొక్కరే, మిగతావాళ్లది ఉచిత సేవ. ఎప్పుడైనా జట్టును అమ్మేసినా వచ్చే సొమ్ము వాటాదారులకు చెందదు, ధర్మకార్యాలు చేసే ప్యాకర్స్ ఫౌండేషన్‌కు పోతుంది. అమ్ముకుంటే ఎవరికీ పైసా రాదు కాబట్టే అమ్మాలన్న ఆలోచనే ఎవరికీ రాలేదు. తొలినాళ్ల పెద్దలు వేసిన ఈ ముడే జట్టును ఊరి గుంజకు కట్టేసింది.

ఇలాంటి యాజమాన్యాన్ని లీగ్ ఇప్పుడు మరే జట్టుకూ అనుమతించదు. పాత జట్టు కాబట్టి గ్రీన్ బేకు మాత్రం మినహాయింపు. ఏటా లెక్కలు బయటపెట్టే జట్టు కూడా ఇదొక్కటే.

ఊరి ప్రేమ ఒక్కటే సరిపోయేది కాదు. 1961లో లీగ్ టీవీ ప్రసార హక్కులన్నీ కలిపి అమ్మి, ఆదాయాన్ని జట్లన్నిటికీ సమానంగా పంచే పద్ధతి తెచ్చింది. న్యూయార్క్ జట్టుకు ఎంతో గ్రీన్ బేకూ అంతే. నేటికీ ప్యాకర్స్ రాబడిలో సగానికి పైగా ఇలా పంచుకున్న సొమ్మే.

మంచు మీద యుద్ధం

లొంబార్డి 1959లో వచ్చేనాటికి జట్టు అట్టడుగున ఉంది. అంతకుముందు సీజన్‌లో గెలిచింది ఒకే ఒక్క మ్యాచ్. ఆయన హయాంలో ఏడేళ్లలో ఐదు చాంపియన్‌షిప్‌లు వచ్చాయి. మొదటి రెండు ‘సూపర్ బౌల్’ తుది పోరాటాలూ ప్యాకర్స్‌వే. నేడు సూపర్ బౌల్ విజేతకిచ్చే ట్రోఫీ పేరు లొంబార్డి ట్రోఫీ.

ఆ రోజుల్లో ఊరు మరిచిపోలేనిది 1967 డిసెంబర్ 31. ఆ రోజు డాలస్ జట్టుతో లీగ్ ఫైనల్. ఉష్ణోగ్రత మైనస్ 25 డిగ్రీల సెల్సియస్. మైదానం అడుగున వేసిన వేడి తీగలు మొరాయించాయి. నేల గాజుపలకలా గడ్డకట్టింది. రిఫరీల ఈలలు పెదాలకు అతుక్కున్నాయి. అయినా 50,000 మంది దుప్పట్లు కప్పుకుని చివరిదాకా కూర్చున్నారు. 16 సెకన్లు మిగిలుండగా ప్యాకర్స్ క్వార్టర్‌బ్యాక్ బార్ట్ స్టార్ బంతితో తానే గీత దాటేశాడు. 21-17. ‘ఐస్ బౌల్’ అన్న ఆ పేరు వింటే ఊళ్లో పెద్దవాళ్ల ముఖాలు ఇప్పటికీ వెలుగుతాయి.

గుండిగల్లో బూయా

ఆట లేని రోజుల్లోనూ ఈ ఊరికి కలిసి కూర్చోవడం అలవాటే. శుక్రవారం రాత్రి చేపల వేపుడుకు కుటుంబాలతో సహా క్లబ్బులకూ హోటళ్లకూ చేరతారు. వేసవి చివర చర్చిల ఆవరణల్లో ‘బూయా’ ఉడుకుతుంది. కోడి మాంసం, గొడ్డు మాంసం, క్యాబేజీ, క్యారెట్, బంగాళాదుంప, బఠాణీ అన్నీ పెద్ద పెద్ద గుండిగల్లో వేసి, తెడ్డంత గరిటెతో గంటల తరబడి కలియబెట్టే చిక్కటి పులుసు అది. 1850లలో ఈ ప్రాంతానికి వలస వచ్చిన బెల్జియన్ల వంటగా దీన్ని చెప్పుకుంటారు. చర్చికో బడికో అగ్నిమాపక దళానికో నిధులు కావాలంటే బూయా పెడతారు. అర్ధరాత్రి నుంచే పొయ్యి దగ్గర వంతులు వేసుకుంటారు.

ఊరికి ఆనుకునే ఒనైడా ఆదివాసుల భూములున్నాయి. న్యూయార్క్ ప్రాంతం నుంచి 1820లలో వచ్చినవాళ్లు వాళ్లు. స్టేడియం ద్వారాల్లో ఒకటి వాళ్ల పేరుతో ఉంది. వియత్నాం యుద్ధం తర్వాత లావోస్ నుంచి శరణార్థులుగా వచ్చిన హ్మాంగ్ కుటుంబాలూ ఇక్కడ స్థిరపడ్డాయి.

మ్యాచ్ రోజున స్టేడియం చుట్టుపక్కల ఇళ్లవాళ్లు తమ పెరళ్లను పార్కింగ్‌కు ఇస్తారు. బొగ్గుల మీద సాసేజ్‌లు కాలుతుంటాయి. పసుపు రంగు స్పాంజితో చేసిన జున్నుముక్క టోపీలు వీధుల నిండా కనిపిస్తాయి. పాడి రాష్ట్రం వాళ్లను షికాగో జనం ‘జున్ను తలలు’ అని ఎగతాళి చేసేవారు. ఆ మాటనే విస్కాన్సిన్ కిరీటంగా పెట్టుకుంది.

ఓటు వేసి కట్టుకున్నది

స్టేడియం కూడా ప్రజలు ఓటు వేసి కట్టుకున్నదే. 1956లో 9,60,000 డాలర్ల బాండ్లకు గ్రీన్ బే పౌరులు మూడింట రెండొంతులకు పైగా మెజారిటీతో ఒప్పుకున్నారు. 2000లో విస్తరణకు అర శాతం అమ్మకపు పన్ను వేయాలన్నప్పుడు మాత్రం జిల్లా ప్రజలు రెండుగా చీలారు. అనుకూలం 53 శాతం, వ్యతిరేకం 47 శాతం. సబ్బు మీద పన్ను కట్టి ఆటకెందుకు ఇవ్వాలన్న ప్రశ్న న్యాయమైనదే, దాన్ని ఊరు బహిరంగంగా తర్కించుకుంది. 2015లో ఆ పన్ను ఎత్తేశారు.

1960 నుంచి సీజన్ టికెట్లు ఏటా ముందే అయిపోతున్నాయి. వెయిటింగ్ లిస్టులో లక్షకు పైగా పేర్లున్నాయి. బిడ్డ పుట్టగానే పేరు రాయించే తల్లిదండ్రులున్నారు. తాతల టికెట్లు వీలునామాలో మనవలకు దక్కుతున్నాయి. 2025 ఏప్రిల్‌లో కొత్త ఆటగాళ్ల ఎంపిక వేడుక ‘డ్రాఫ్ట్’ ఇక్కడ జరిగినప్పుడు మూడు రోజుల్లో హాజరు ఆరు లక్షలని లీగ్ లెక్క కట్టింది. ఆ వేడుకకు ఇంత చిన్న ఊరు ఆతిథ్యమివ్వడం అదే తొలిసారి.

డిసెంబర్‌లో మ్యాచ్ ముందు రాత్రి మంచు దట్టంగా కురిస్తే జట్టు నుంచి ఒక పిలుపు వస్తుంది: మంచు ఎత్తడానికి మనుషులు కావాలి. తెల్లవారకముందే కోట్లు, చేతి తొడుగులు వేసుకుని వందల మంది గేటు దగ్గర వరుస కడతారు. పార ఇస్తారు, గంటకింతని కూలీ ఇస్తారు. కాలేజీ పిల్లలు, రిటైరైన మిల్లు కార్మికులు, తండ్రీకొడుకులు ఒకే వరుసలో వంగి తోడతారు. మెట్ల వెంట అమర్చిన జారుబల్లల మీదుగా మంచు కిందికి జారిపోతుంటే, అల్యూమినియం బెంచీల మీది సీటు నంబర్లు ఒక్కొక్కటే బయటపడతాయి.