ఇల్లు వేలంలో పోయాక కూడా బాకీ మిగిలితే?

ఈసారి ఎపిసోడ్ అల్ రువైస్ పోర్టు దగ్గర పనిచేసే ఒక తమ్ముడి వాయిస్ మెసేజ్‌తో మొదలైంది. "అన్నా, ఊళ్లో ఇల్లు బ్యాంకోళ్లు వేలం వేసేశారు. పీడ పోయిందనుకున్నా. ఇప్పుడు ఇంకా ఆరు లక్షల నలభై వేలు కట్టాలంటూ మా ఆవిడకి ఫోన్లు. ఇల్లు తీసుకున్నాక ఇంకేం అప్పన్నా?" మైకు ముందు గబగబా చెప్పింది ఇక్కడ నింపాదిగా రాస్తున్నాం.

అప్పు ఉంటుంది తమ్ముడూ. ఇల్లు తాకట్టు మాత్రమే, బాకీ మనిషి పేరు మీద ఉంటుంది. వేలం డబ్బులో ముందు ఖర్చులు పట్టుకుని, తర్వాత బాకీకి జమ చేస్తారు. 22 లక్షల బాకీ, 40 వేల ఖర్చు, ఇల్లు 16 లక్షలకి పోయిందనుకోండి, మిగిలేది 6 లక్షల 40 వేలు. బాకీ కంటే ఎక్కువ వస్తే ఆ మిగులు మనకే ఇవ్వాలి. ఈ రెండూ 2002 నాటి సర్ఫేసీ చట్టంలో ఉన్నవే.

కానీ ఫోన్లో చెప్పిన అంకె వేదం కాదు. ముందు లెక్క అడగండి, అదీ ఈమెయిల్‌లో. లోన్ స్టేట్‌మెంటు, ఇల్లు అమ్మిన ధర, ఖర్చుల వివరం, డబ్బు ఖాతాలో పడిన తేదీ కావాలి. తేదీ ఎందుకంటే, అంత మొత్తం మీద ఆ రోజు నుంచి వడ్డీ ఆగాలి. పెనాల్టీల మీద మళ్లీ వడ్డీ వేయకూడదని 2024 నుంచి రిజర్వు బ్యాంకు రూలు కూడా ఉంది.

అమ్మకం పద్ధతిగా జరిగిందా అన్నదీ చూడాలి. విలువ కట్టించాలి, కనీస ధర పెట్టాలి, మొదటి వేలానికి 30 రోజుల ముందు మనకి నోటీసు ఇవ్వాలి. ఆ నోటీసులు ఊరి అడ్రసుకి పోతాయి, ఇంట్లోవాళ్లు కంగారు పెట్టకూడదని మనకి చెప్పరు. అభ్యంతరం ఉంటే 45 రోజుల్లో డీఆర్‌టీకి వెళ్లాలి. మనవాళ్లకి అది హైదరాబాద్‌లో, విశాఖలో ఉంది.

మిగిలిన బాకీ కోసం మాత్రం బ్యాంకు నేరుగా ఇంకో ఆస్తి మీద పడలేదు, కేసు వేసి గెలవాలి. బాకీ 20 లక్షల లోపైతే సివిల్ కోర్టుకే పోవాలి. "మీ నాన్న పొలం కూడా వేలం వేస్తాం" అని ఏజెంటు బెదిరిస్తే కంగారు పడొద్దు. వ్యవసాయ భూమికి సర్ఫేసీ వర్తించదు. అయితే నాన్నగారు గ్యారంటీ సంతకం పెట్టి ఉంటే ఆయన మీదా కేసు వేయొచ్చు. అందుకే పాత కాగితాల్లో ఎవరెవరి సంతకాలున్నాయో ఈ రోజే చూడమనండి.

కట్టలేకపోవడం ఒక్కటే నేరం కాదు, దానికే జైల్లో వేయరు. చెక్కు బౌన్సు, దొంగ కాగితాల సంగతి వేరు. ఏజెంట్లు ఉదయం 8 లోపు, రాత్రి 7 దాటాక ఫోన్ చేయకూడదు. (ఊళ్లో 8 అంటే మనకిక్కడ తెల్లవారుజామున ఐదున్నర!)

"ముందు ఐదు వేలు వేయండి, తర్వాత చూద్దాం" అంటారు. ఆగండి. ఇలాంటి బాకీకి కేసు వేయడానికి సాధారణంగా మూడేళ్ల గడువు. అది ముగియకముందు కొంత కట్టినా, బాకీ ఉందని రాసి సంతకం పెట్టినా గడువు మళ్లీ మొదటికొస్తుంది. ఎగ్గొట్టమని చెప్పడం లేదు. లాయరుకి చూపించి కట్టండి అంటున్నాం.

లెక్క తేలాక వన్ టైమ్ సెటిల్‌మెంటు అడగండి. ఒకేసారి ఎంత ఇవ్వగలరో అంతే చెప్పండి, దానికోసం మూడు రూపాయల వడ్డీకి కొత్త అప్పు తేవద్దు. బ్యాంకు లెటర్‌హెడ్ మీద ఒప్పందం చేతికొచ్చాకే, లోన్ ఖాతాలోనే డబ్బు వేయండి. ఏజెంటు ఫోన్‌పేకి పంపకండి. చివర్లో బాకీ లేదన్న కాగితం తీసుకోండి. సిబిల్‌లో "సెటిల్డ్" అని పడుతుంది, మళ్లీ లోను దొరకడం కష్టమే. లోక్ అదాలత్‌లోనూ రాజీ పడొచ్చు, కోర్టు ఫీజు ఉండదు, కానీ ఆ తీర్పు మీద అప్పీలు లేదు.

బ్యాంకు 30 రోజుల్లో జవాబివ్వకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కి ఆన్‌లైన్లో ఉచితంగా ఫిర్యాదు చేయొచ్చు. మీ తరఫున ఇంట్లోవాళ్లు సంతకాలు పెట్టాలంటే పవర్ ఆఫ్ అటార్నీ కావాలి. దోహాలో మన ఎంబసీలో అటెస్ట్ చేయిస్తారు. రువైస్ నుంచి వంద కిలోమీటర్ల పైనే, ఒక రోజు డ్యూటీ పోతుంది, కాబట్టి ముందే అపాయింట్‌మెంటు చూసుకోండి. ఆ కాగితం ఇండియా చేరిన మూడు నెలల్లోపు అక్కడ స్టాంపు వేయించడం మర్చిపోవద్దు.